రంపపు పొట్టులో గీత

వంతెన రెండో కమాను దాకా మునిగిన వరద వచ్చిన ఏడాది జరిగిందిది. అంతకు ముందు వరదకి ఒక్క కమానే మునిగింది. ఈ రెండోది చూశాక జనం ఆ పాతదాన్ని వరద కింద లెక్కేయడం మానేశారు.

నీళ్లు మూడు రోజులుండి పోయాయి. పోతూ పోతూ ఊళ్లో తలుపులన్నిటినీ నానబెట్టి పోయాయి. నానిన తలుపు ఉబ్బుతుంది. ఉబ్బిన తలుపు మూసుకోదు. బలవంతాన మూస్తే తెరుచుకోదు. అప్పుడు ఊరికి వడ్రంగి గుర్తొస్తాడు. మామూలు రోజుల్లో ఆయన ఉన్నాడో పోయాడో ఎవరికీ పట్టదు.

ఆ వడ్రంగిని ఊఁ మేస్త్రి అనేవాళ్లు. వయసు డెబ్బై ఒకటి. ఏమడిగినా "ఊఁ" అంటాడు కాబట్టి ఆ పేరు. ఒప్పుకున్నా ఊఁ, ఒప్పుకోకపోయినా ఊఁ. రెంటికీ తేడా భార్యకి తెలుసు. ఆవిడకైనా పెళ్లయిన పదేళ్లకి గానీ పట్టుబడలేదు.

ఒక్క దగ్గర మాత్రం ఆయన నోరు పెగిలేది. తడి తలుపుకి చిత్రిక పట్టమంటే ఒప్పుకునేవాడు కాదు. "ఆరాలి. ఆరు వారాలు" అనేవాడు. జేబులోంచి సుద్దముక్క తీసి తలుపు అంచున ఒక గీత, ద్వారబంధం మీద ఒక గీత గీసి, పక్కన తేదీ వేసి వెళ్లిపోయేవాడు. వారానికోసారి వచ్చి ఆ రెండు గీతలూ ఎంత ఎడమయ్యాయో చూసేవాడు. తలుపు తనంతట తాను ఎంత తగ్గాలో అంతా తగ్గాక, మిగిలిందే కోసేవాడు. చాలా తలుపులకి మిగిలేది కాదు. అప్పుడు చిత్రిక సంచిలోంచి బయటికి కూడా తీయకుండా ఇంటికొచ్చేసేవాడు. ఏ పనీ చెయ్యకుండా పని పూర్తి చేశాడని ఊళ్లో ఆయన మీద చాలా కోపం.

వరద తీసిన వారానికి ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. వెన్నెముక డాక్టరుగారి గది తలుపు పట్టేసింది.

"ఇవాళే కావాలి" అన్నాడు డాక్టరు. "రోగులు ఎదురుచూస్తున్నారు."

మేస్త్రి తలుపు అంచు మీద బొటనవేలితో నొక్కి చూశాడు. "ఆరు వారాలు" అన్నాడు.

"ఆరు వారాలా! గీకడానికి పావుగంట పట్టదు. మీ పనే కదా అది?"

"లోపల ఎవరైనా ఇరుక్కుంటే చెప్పండి, ఇప్పుడే పగలగొడతాను. లేకపోతే ఆరనివ్వండి."

అది ఆయనకి చాలా పెద్ద ఉపన్యాసం. డాక్టరుకి ఆ విలువ తెలీదు. మధ్యాహ్నానికి ఇంకొకణ్ణి పిలిపించి తలుపు గీకించేశాడు. తలుపు వెన్నలా మూసుకుంది. డాక్టరు రెండుసార్లు తెరిచి మూసి మురిసిపోయాడు.

ఆ మర్నాటికల్లా ఊళ్లో నలభై మూడు తలుపుల మీద మేస్త్రి సుద్దగీతలున్నాయి. వాటిలో గ్రంథాలయం తలుపొకటి. ఈ తలుపు మరీ దారుణంగా పట్టేసింది. పై బందు ఊడి, మనిషి ఎత్తు చెక్క ఒరిగి నిలబడింది. దాన్ని దించి గోడకి ఆనించాలి. గదిలో పుస్తకాలావిడ ఉంది, పేపరు చదువుకునే వాళ్లు నలుగురున్నారు. ఒక చెయ్యి వెయ్యండంటే వేసేవాళ్లే. కానీ అనాలంటే నోరు విప్పాలి. మేస్త్రి ఒక్కడే ఎత్తాడు.

నడుములో పుల్ల విరిగినట్టు చిన్న చప్పుడైందని ఆయనకి అనిపించింది. తలుపుని గోడకి ఆనించాడు. తనూ ఆనుకున్నాడు.

"ఏమైంది మేస్త్రీ?" అంది పుస్తకాలావిడ.

"ఊఁ."

ఆ సాయంత్రానికి ఎడమ తుంటి నుంచి పిక్క మీదుగా బొటనవేలి దాకా ఎవరో కాల్చిన తీగ లాగుతున్నట్టుంది. పదిహేను రోజులు మాత్రలు మింగి, పక్కకి తిరిగి పడుకుని, చివరికి భార్య గొడవ పడలేక ఆస్పత్రికి వెళ్లాడు. ఫిల్ములు తీయించుకుని అదే డాక్టరు ముందు కూచున్నాడు.

కూచోగానే ముందు తలుపు వంక చూశాడు. రోజంతా ఫ్యాను గాలికి తలుపు బాగా ఆరింది. ఆరి, ఎంత తగ్గాలో అంతా తగ్గింది. గీకించిన దానికి ఇది తోడై, గడియ నాలుక ద్వారబంధాన్ని అందుకోవట్లేదు. మూసిన తలుపు నెమ్మదిగా తనంతట తానే తెరుచుకుంది. బయట హాల్లో కూచున్న ఇరవై మందీ లోపలికి చూశారు.

"ఊఁ" అన్నాడు మేస్త్రి.

ఆ ఊఁకి అర్థం డాక్టరుకి వెంటనే తెలిసిపోయింది. భార్యకి పదేళ్లు పట్టింది పాపం.

డాక్టరు లేచి తలుపు మూసి, దానికి అడ్డంగా చెత్తబుట్ట పెట్టి వచ్చి, ఫిల్ము వెలుగు మీద ఎత్తిపట్టాడు. "ఇదిగో పెద్దాయనా. రెండు వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ల ఉంటుంది, డిస్కు అంటాం. మీది పక్కకి తోసుకొచ్చి ఎడమ కాలికి పోయే నరం మీద కూచుంది. వయసుకి ఆ నరం పోయే దారి ముందే ఇరుకైంది. ఇరుకు సందులో బండి అడ్డం పెట్టినట్టయింది."

"ఎప్పుడు కోస్తారు?"

ఆయన జీవితంలో ఇంకొకరిని అడిగిన ప్రశ్నల్లో అది నాలుగోదో అయిదోదో.

"కోయొచ్చు. కానీ తొందరేముంది? ఇలాంటివి చాలావాటికి వాపు తగ్గుతుంది, ఆ బయటికొచ్చిన ముక్క దానంతటదే కుంచించుకుపోతుంది. ఆరు వారాలు ఆగండి."

ఆరు వారాలన్న మాట విని మేస్త్రికి ఒళ్లు మండింది. "కోయడం మీ పనే కదా" అన్నాడు.

"నా పని కాబట్టే ఆగమంటున్నా. తగ్గకపోతే నరం పక్కన సూది మందు ఉంది. దానికీ లొంగకపోతే చిన్న కోత. ఎముకలో చిన్న కిటికీలా తెరిచి, ముక్క తీసేసి, నరానికి చోటు చేస్తాం. పూసలు జారుతున్న వాళ్లకైతే స్క్రూలు, కడ్డీలు వేసి బిగిస్తాం. కొత్త బిళ్ల పెట్టే పద్ధతీ ఉంది. అది మీ వయసు వాళ్లకి పెట్టం. డెబ్బై దాటాక వెన్నొక్కటే చూస్తే చాలదు. గుండె చూడాలి, ఊపిరితిత్తులు చూడాలి, ఎముక ఎంత గట్టిగా ఉందో చూడాలి. తెరవడం తేలిక. కోసేసింది మళ్లీ అతికించలేం."

"నాకు నలభై మూడు తలుపులున్నాయి."

"నాకు ఒక్కటే ఉంది. అదీ పడటం లేదు" అన్నాడు డాక్టరు. చెత్తబుట్టని తోసుకుంటూ తలుపు మళ్లీ తెరుచుకుంటోంది.

మేస్త్రి లేవబోతుంటే డాక్టరు చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఒక్క మాట వినండి. నొప్పికి ఆగొచ్చు. పాదం బరువెక్కినా, ముందు భాగం పైకి లేవకపోయినా, ఒంటికి పోయేది తెలియకపోయినా ఆగకూడదు. ఆ పూటే రావాలి. దానికి ఆరు వారాల లెక్క లేదు."

"ఊఁ" అన్నాడు మేస్త్రి. ఈసారిది ఒప్పుకున్న ఊఁయే.

ఇంటికొచ్చేసరికి బావమరిది అరుగు మీద సిద్ధంగా ఉన్నాడు. ఆయన పోస్టాఫీసులో ముప్పై ఏళ్లు పార్సిళ్లు తూచి రిటైరయ్యాడు. ఇప్పుడు తూచడానికేమీ లేక అందరి రోగాలూ తూస్తుంటాడు.

"ఆగమన్నాడా! బావా, వాడికి చేతకాక ఆగమన్నాడు. స్క్రూలు వేయించుకో. మా ఆఫీసులో ఒకాయనకి ఆరు స్క్రూలు వేశారు. ఇప్పుడు గుర్రం."

"ఎక్కడున్నాడు ఆ గుర్రం?" అంది మేస్త్రి భార్య.

"మంచం మీద ఉన్నాడనుకో అక్కా. అది వేరే సంగతి. దానికి మోకాళ్లు కారణం. స్క్రూలు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి. ఫోటో చూపించాడు."

మేస్త్రి లేచి షెడ్డులోకి వెళ్లిపోయాడు. నిలబడి పది నిమిషాలు చేస్తే అరగంట బల్ల మీద బోర్లా వాలాలి. అయినా వెళ్లేవాడు. ఇంట్లో కూచుంటే బావమరిది ఉన్నాడు.

మూడో వారానికి నొప్పి తగ్గడం మొదలెట్టింది. నాలుగో వారానికి సగానికి సగం పోయింది. మేస్త్రి లోలోపల పొంగిపోయాడు. డాక్టరు తన దగ్గరే ఈ విద్య నేర్చుకున్నాడని కూడా అనుకున్నాడు. అలా పొంగిపోతూ ఒక రోజు సాయంత్రం షెడ్డు తలుపు దగ్గర నిలబడి వెనక్కి చూశాడు.

నేలంతా రంపపు పొట్టు. బల్ల నుంచి గుమ్మం దాకా తను నడిచిన అడుగులు. కుడి పాదం అచ్చులు విడివిడిగా, శుభ్రంగా ఉన్నాయి. ఎడమ వైపు ప్రతి అచ్చుకీ ముందు జానెడు గీత.

ఆ గీతలు ఆయనకి తెలీనివి కావు. తలుపు నేలకి రాసుకుంటే ఇలాంటి గీతే పడుతుంది. ఆ గీత చూసి ఏ బందు జారిందో, ఎంత జారిందో గుమ్మం దాటకుండా చెప్పేవాడు. ఊళ్లో ఎంతమంది ముందు చెప్పాడో, ఎన్నిసార్లు చెప్పాడో. ఇప్పుడు ఎడమ పాదం రాసుకుంటోంది. బొటనవేలు ఎత్తి చూశాడు. ఎత్తమని మనసు చెప్పింది. వేలు వినలేదు.

మేస్త్రి చీపురు తీసుకుని గీతలు ఊడ్చేశాడు.

ఎందుకు ఊడ్చాడంటే, చిత్రిక తోసేవాడికి బలం భుజంలో ఉందని చూసేవాళ్లనుకుంటారు. కాదు. ఎడమ పాదం నేలని తన్నాలి. ఆ తన్ను నడుములోంచి భుజానికొచ్చి, చేతిలోంచి చిత్రికకి పోవాలి. ఎడమ పాదం పోతే మేస్త్రి లేడు, ఊఁ ఒక్కటే మిగులుతుంది. ఈ సంగతి బయటికి పొక్కితే సుద్దగీతలున్న నలభై మూడు ఇళ్లూ ఆ తడి తలుపులు గీకేవాణ్ణి పిలుస్తాయి. అందుకని పాదానికి పట్టిన రోగాన్ని చీపురుతో నయం చేసుకున్నాడు. రోజూ సాయంత్రం చేసుకున్నాడు. మందు చాలా బాగా పనిచేసింది. ఊడ్చాక గీత కనపడేది కాదు.

అయిదో వారంలో డాక్టరు చూపించుకోమన్న రోజొచ్చింది. హాల్లో మోకాలి నొప్పితో పుస్తకాలావిడ కూచునుంది. ఆవిడ పక్కన సుద్దగీతల ఇళ్ల వాళ్లే ఇంకో ముగ్గురు. మేస్త్రి అరికాలు నేలకి తగిలిన చప్పుడు రాకుండా, మోకాలు కొంచెం ఎత్తి ఎత్తి వేస్తూ నడిచాడు. నీళ్లలో నడిచే కొంగలా ఉన్నాడని ఎవరికీ అనిపించలేదు. మేస్త్రి ఠీవి అనుకున్నారు.

"నొప్పెలా ఉంది?" అన్నాడు డాక్టరు.

"తగ్గింది."

"చూశారా! పాదం ఎలా ఉంది? లేచి మడమల మీద నాలుగడుగులు వెయ్యండి చూద్దాం."

మేస్త్రి లేచాడు. సరిగ్గా అప్పుడు తలుపు తెరుచుకుంది. హాలంతా కళ్లే. పుస్తకాలావిడ కళ్లజోడు సర్దుకుంది.

మేస్త్రి కూచున్నాడు. "బాగానే ఉంది. ఇప్పుడేగా నడిచొచ్చాను" అన్నాడు.

డాక్టరు ఇంకోసారి అడిగేవాడేమో. కానీ ఆయన దృష్టి తలుపు మీద ఉంది. లేచి మూశాడు. బుట్ట పెట్టాడు, ఆగలేదు. కుర్చీ పెట్టాడు, కుర్చీతో సహా జరిగింది. బయటెవరో కిసుక్కున నవ్వారు. "దీన్ని తగలెయ్య!" అన్నాడు. చిరాకు చిరాకుగా వచ్చి చీటీ మీద 'బాగున్నాడు' అని రాసి, ఇంకో వారం తర్వాత రమ్మన్నాడు. తొందరపడి తలుపు గీకించినవాడూ, నోరు తెరవనివాడూ ఎదురెదురుగా కూచుని ఒకరికొకరు ఇంత చక్కగా సాయం చేసుకున్నారు.

నాలుగు రోజులు పోయాయి. మధ్యాహ్నం టీ తీసుకుని మేస్త్రి భార్య షెడ్డుకొచ్చింది. రోజూ టీకి ఆయనే ఇంట్లోకి వస్తాడు. ఆవిడ ఇటు రావడం ఎప్పుడో గానీ లేదు. కానీ ఆవిడకి వారం రోజులుగా ఒకటి అంతుపట్టడం లేదు. నలభై ఎనిమిదేళ్ల కాపురంలో చీపురు ఏ వైపు పట్టుకోవాలో తెలియని మనిషి రోజూ ఊడుస్తున్నాడు. అందుకే ఊడ్చే వేళకి ముందే వచ్చింది.

గుమ్మంలో ఆగి నేల వంక చూసింది. గ్లాసు బల్ల మీద పెట్టింది. కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"ఏమయ్యా, తలుపు నేలకి రాసుకుంటే ఊళ్లో వాళ్లకి ఏం చెబుతావు నువ్వు?"

ఆయన చేతిలోని చిత్రిక బల్ల మీద పెట్టాడు.

"ఊఁ అనకు. ఇవాళ ఊఁలు చెల్లవు. చెప్పు."

"బందు జారిందని చెబుతాను."

"నేల ఊడ్చుకోండి, సరిపోతుందని చెబుతావా?"

ఆయన టీ వంక చూశాడు.

"ఎన్నాళ్లయింది?"

"పది రోజులు."

"పది రోజులు! నేను చచ్చిపోతే శవాన్ని కూడా ఊడ్చేసి పోతావు నువ్వు. లే. చొక్కా వేసుకో."

బావమరిది దారిలో కలిసి వెంటపడ్డాడు. వద్దన్నా వచ్చాడు. ఆస్పత్రి హాలు నిండా జనం. లోపలికెళ్లగానే మేస్త్రి చెయ్యి తలుపు మీదికి పోయింది. భార్య ఆ చెయ్యి తీసేసింది. తలుపు బార్లా తెరిచి, దానికి తనే వీపు ఆనించి నిలబడింది.

"డాక్టరుగారూ, ఈయన ఎడమ పాదం లేవట్లేదు. పది రోజులైంది. ఈడుస్తున్నాడు. మొన్న మీకు అబద్ధం చెప్పాడు" అని హాలు ఆ చివర దాకా వినపడేలా చెప్పింది. "విన్నారుగా అందరూ? ఇక దాచుకునేదేం లేదు. ఇప్పుడు చూడండి."

డాక్టరు కింద కూచుని, మేస్త్రి పాదం ఒళ్లో పెట్టుకున్నాడు. తన అరచెయ్యి పాదం మీద ఆనించి పైకి ఎత్తమన్నాడు. మేస్త్రి మొహంలో నరాలన్నీ లేచాయి. పాదం వెంట్రుకవాసి కదిలి ఆగిపోయింది. డాక్టరు చీటీలో తను రాసిన 'బాగున్నాడు' వంక కాసేపు చూసి, దాన్ని అడ్డంగా కొట్టేశాడు.

"నొప్పి తగ్గింది నరం బాగుపడి కాదు పెద్దాయనా. నరం మొద్దుబారి. ఆ రోజు నేను మిమ్మల్ని నడిపించి చూడాల్సింది. చూడలేదు. తప్పు నాది కూడా." లేచి చేతులు కడుక్కున్నాడు. "మీరే చెప్పారు కదా. లోపల మనిషి ఇరుక్కున్నాడు. ఇక ఆరేదాకా ఆగేది లేదు. రేపే."

"స్క్రూలు ఎన్ని?" అన్నాడు బావమరిది ఉత్సాహంగా.

"ఒక్కటీ లేదు."

"ఒక్కటీ లేకుండా ఆపరేషనా? నవ్వుతారండీ జనం. కనీసం నాలుగైనా..."

అప్పుడు మేస్త్రి తలెత్తాడు. "పుచ్చిన చెక్కలో స్క్రూ పట్టదు" అన్నాడు.

డాక్టరు ఆయన వంక కొత్తగా చూశాడు. "అదీ ఉంది. మీ ఎముక పలచబడింది. అసలు సంగతేమిటంటే మీ పూసలు జారట్లేదు. గట్టిగా ఉన్న తలుపుకి మళ్లీ బందులెందుకు? చిన్న కిటికీలా తెరుస్తాను, ముక్క తీస్తాను, నరానికి చోటు చేస్తాను, మూసేస్తాను. గుండె పరీక్షలు ఈ సాయంత్రమే చేయిస్తా."

"పాదం వస్తుందా?" అన్నాడు మేస్త్రి.



"చెప్పలేను. కాలి నొప్పి ఉండదు. పాదం సంగతి నెలలు పడుతుంది. పూర్తిగా రావచ్చు, కొంత రావచ్చు, రాకపోవచ్చు. పది రోజుల కిందట వచ్చుంటే ఇంతకన్నా ధైర్యంగా చెప్పేవాణ్ణి."

మేస్త్రి తన ఎడమ పాదం వంక చూసుకున్నాడు. డాక్టరు కాయితం ఇస్తే సంతకం పెట్టాడు. మూడో తరగతి దాకా చదివిన సంతకం. అక్షరాలు ఒక్కొక్కటీ కొలిచి కోసినట్టున్నాయి.

బయటికొస్తుంటే పుస్తకాలావిడ లేచి నిలబడింది. ఆయన తల దించుకున్నాడు. "మేస్త్రీ, మా తలుపు గోడకి ఆనించే ఉంది. ఇంకా ఆరలేదనుకుంటా" అందావిడ. "వారం వారం వచ్చి చూసేది మీరే కదా. గీత మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వను."

ఆయన తలెత్తి ఆవిడ వంక చూశాడు.

మర్నాడు ఆపరేషన్ గంటంబావులో అయిపోయింది. డాక్టరు చిన్న సీసాలో ఆ ముక్క తెచ్చి చూపించాడు. ఉడికిన వేరుశనగ గింజంత ఉంది. బావమరిది సీసాని అరచేతిలో తూచి, తులం కూడా ఉండదని తేల్చి, ఇంత దానికా ఇంత గొడవ అని నిట్టూర్చాడు. మేస్త్రికి మత్తు వదిలేసరికి కాల్లో తీగ లేదు. పాదం ఉందో లేదో దుప్పటి తీసి చూసుకున్నాడు. ఉంది. ఎత్తమన్నాడు. అది ఆలోచిస్తానంది.

ఆ మర్నాడు పొద్దున్నే నర్సు వచ్చి ఆయన్ని పక్కకి దొర్లించి, లేపి కూచోబెట్టి, చేతికి నాలుగు కాళ్ల స్టాండు ఇచ్చింది. "తాతగారూ, నేను పట్టుకునే ఉంటా. గుమ్మం దాకా."

ఊడ్చే ఆవిడ గది తుడుస్తూ ఉంది. అటు సగం పొడి, ఇటు సగం ఇంకా తడి ఆరలేదు. "తడి ఆరనివ్వండి తాతగారూ" అని నర్సు అంటుండగానే ఆయన లేచాడు. ఆయన్ని జీవితంలో మొదటిసారి ఇంకొకరు ఆరనివ్వమన్నారు, ఆయన వినలేదు. పన్నెండు అడుగులు వేశాడు. గుమ్మం పట్టుకుని వెనక్కి తిరిగి చూశాడు.

తడి మీద కుడి అచ్చులు విడివిడిగా ఉన్నాయి. ఎడమ అచ్చుకి ముందు గీత ఉంది. జానెడు గీతే, జానెడూ ఉంది.

ఊడ్చే ఆవిడ తుడుపుగుడ్డ తీసుకుని, "అయ్యో, మళ్లీ మరకలు పడ్డాయి" అంటూ అటు వచ్చింది.

మేస్త్రి స్టాండు మీంచి ఒక చెయ్యి తీసి అడ్డం పెట్టాడు.

"ఆగమ్మా. తుడవకు. డాక్టరుగారిని పిలవండి. ఇంకా ఈడుస్తోంది, ఇదిగో ఇక్కణ్ణించి ఇక్కడి దాకా. ఆయన చూడాలి."

ఆయన అన్ని మాటలు ఒక్కసారి అనడం భార్య ఎప్పుడూ వినలేదు. చేతిలో మాత్రలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నర్సు డాక్టరు కోసం మనిషిని పంపింది. డాక్టరు వచ్చేదాకా మేస్త్రి ఆ గీత పక్కనే స్టాండు పట్టుకుని, ఎవర్నీ తొక్కనివ్వకుండా నిలబడ్డాడు.